గుండు, బద్ద, నూక

కళ్లు పోతే చెవులు పెరుగుతాయంటారు.
అబద్ధం.
నా చెవులు కాశీబుగ్గ సంతలో కమ్మలు కుట్టించుకున్నప్పటివే.
ఇన్నాళ్లూ అద్దెకి దిగినోళ్లలా ఓ మూల ఉండేవి,
ఇప్పుడు ఇల్లంతా వాటిదే.

తుపానొచ్చిన ఏడు కుడికన్ను, మరుసటేడు ఎడమది.
నీటికాసులన్నారు. సరే.
మూడో నెలకి మళ్లీ పలాస షెడ్డుకొచ్చి
నా పీటమీదే కూచున్నాను.
"ఏటి సేస్తావే?" అన్నాడు మేస్త్రి కూర్మారావు.
గుప్పెడు పప్పు ఒళ్లో పోయమన్నాను.

గుండు నిండుగా దొర్లుతుంది.
బద్దకి ఓ పక్క బల్లపరుపు, వేలు అక్కడ ఆగి చూస్తుంది.
చూస్తుందనే అంటాను, ఇంకో మాట దొరకలేదు.
నూక గోటికిందికి దూరి గుచ్చుతుంది.
పురుగు తొలిచినదాన్ని ఎత్తితే
చెయ్యి అనుకున్నదానికన్నా కొంచెం పైకి లేస్తుంది.

మాడింది వాసనే చెబుతుంది.
రంగు తిరిగింది పక్కనున్న దాలమ్మ చెబుతుంది.
బదులుగా, మేస్త్రి ఏ వరసలో ఉన్నాడో నేను చెబుతాను.
ఎడంకాలి చెప్పు తెగి నెలైంది, కుట్టించడు.
మా కబుర్లు ఇంతవరకు దొరకలేదు.

పిక్క కొట్టే పనికి మాత్రం పోను.
జీడి సొన వేలి గీతల్ని తినేస్తాది.
ఏళ్లపాటు కొట్టిన దాలమ్మకి వేలిముద్ర పడదు,
రేషన్ డిపో దగ్గర గొడవ.
నాకైతే పోయేది బియ్యం ఒక్కటే కాదు.
రాత్రి కొబ్బరినూనె రాసి
పది వేళ్లనీ పాతచీర ముక్కలో చుట్టుకుంటాను,
పక్కలో పసిగుంటల్ని ఏసుకున్నట్టు.

వాన పడితే
షెడ్డు మొత్తం రేకులమీద గీసి చూపిస్తుంది:
ఇక్కడ కారుతోంది, అక్కడ తలుపు తీసుంది,
బస్తాలు పేర్చిన చోట చప్పుడు మెత్తబడింది.
డ్రయ్యర్ ఆన్ చేస్తారు.
చీకటి పడిపోతాది.

మొన్న లారీలోంచి కొత్త మిషను దిగింది.
దానికి కళ్లున్నాయంట, ఇరవయ్యో ముప్పయ్యో.
మచ్చున్న పప్పుని చూసి
గాలితో ఊది అవతల పడేస్తాదంట.
అందరూ చూడ్డానికెళ్లారు.
నేనూ వెళ్లి చెయ్యేశాను.
వెచ్చగా ఉంది, ఈనబోయే గేదె పొట్టలా లోపల ఏదో కదులుతోంది.
కూర్మారావు ఏదో అరిచాడు కాబోలు.
ఆ హోరులో నాకేమీ కనపడలేదు.

దాలమ్మ చెయ్యి కోసం తడిమాను.
చాలా చేతులు తగిలాయి.
ఒక్కటి దొరికింది,
గీతల్లేకుండా, నున్నగా,
వలిచిన పప్పులా.