కన్ను పాడిన పాట

ఆ పొద్దు నేను పాట పాడలేదు.
చిత్తూరు బెల్లం మండీలో గోతాల మీద కూర్చోని
అదిరసాలకు రెండు గోతాలు చాలనుకుంటా ఉండా.
ఎడమకన్ను దానంతటది ఒకసారి మూసుకొనింది.
దొరస్వామి చూసినాడు. "ధనకోటక్క యాభై పెంచె!"
ఇంకోసారి కొట్టుకొనింది. ఇంకో యాభై.
సారా కాసేవాళ్ళు తప్ప ఎవురూ అడగని నల్లబెల్లం,
పన్నెండు గోతాలు,
నా పేరున చీటీ రాసి చేతికిచ్చినారు.
అందురూ నవ్వినారు. నేనూ నవ్వబోయినా,
పెదవి గూడా ఎడమకు లాక్కొనిపోయింది.

మొదట్లో రెప్ప కింద చీమ పారినట్టుండేది.
"ఆడదానికి ఎడమకన్నే కదమ్మే, మంచే జరగతాది"
అనింది మా పెద్దత్త.
రెండేండ్లు అదిరింది.
ఆ లెక్కన నాకు రావాల్సిన మంచి
ఏ లారీలో ఇరుక్కోనుందో.
బస్టాండులో ఒకడు నా కన్ను చూసి
గ్రీంసుపేట దాకా వెనకాలే వచ్చినాడు.
అది పిలుపు కాదు నాయనా, నరం అని
వానికి చెప్పేదానికి
అప్పటికి నాకే తెలీదు.

తాయెత్తు కట్టినారు. ఉప్పుమూట కాపినారు.
కళ్ళజోడు మారింది. క్యాల్షియం బిళ్ళలు అయిపోయినాయి.
"టెన్షన్ తగ్గించుకోమ్మా" అన్నాడొక డాక్టరు.
నిద్దట్లో గూడా కొట్టుకుంటా ఉందని
మా ఆయన టార్చిలైటు వేసి చూసి చెప్పినాడు.
నిద్దట్లో నాకేం టెన్షన్ సార్?

పూతలపట్టు, చంద్రగిరి దాటి తిరపతికి పోయినాం,
పక్కసీటు ఆమెకు దారంతా నా కుడిచెంపే చూపిస్తా.
స్కాన్ మిషన్లో పడుకోబెట్టి గమ్మునుండమన్నారు.
గమ్మునుండేది నా చేతిలో ఉంటే
ఇంత దూరం ఎందుకొస్తా?

డాక్టరమ్మ చిన్నబిడ్డ. చీటీ వెనక గీసింది:
చెవి వెనకాల, లోపల,
మొగం నరం మెదడు కాడ బయలుదేరే తావ
ఒక రక్తనాళం వంకర తిరిగి దాన్ని ఆనుకోనుంది.
గుండె కొట్టుకున్నప్పుడంతా అది దీన్ని తడతా ఉంది.
"అంటే, మా బోరు మోటారు వైరుకు
మునగకొమ్మ రాసుకొని తోలు లేచిపోయినట్టా?"
"అంతేనమ్మా" అనింది పెన్ను మూస్తా.
దిష్టి కాదు. ఎవురి శాపమూ కాదు.
ఇరుకింట్లో పక్కపక్కన పడుకున్నోళ్ళకు
మోచేతులు తగిలినట్టు.

చెవి వెనక ఎముక తెరిచి, రెండిటికీ నడాన
దూదంత మెత్త పెట్టేది ఒక దారి.
పోతే బాగా పోతాది, చెవుడొచ్చే భయం రొంత ఉంది.
అది తర్వాత చూస్తాం అన్నా.
రెండోది సూదులు, కన్ను చుట్టూ, చెంప మీద.
నిలవ చెడిన తిండిలో పుట్టే విషమంట,
చిటికెడులో కోటో వంతు.
ఇరవై ఏండ్లు పలహారం చెడనీకుండా అంగడి నడిపిన నేను
ఆ విషానికే దుడ్డు కట్టి మొగం అప్పజెప్పినా.

నాలుగైదు నాళ్ళకు మొగం ఊరకైంది.
రెప్ప రొంత బరువు. కాఫీ రెండు చుక్కలు చీరమీద.
కానీ బొట్టు ఒక్కసారికే నడిమధ్యన కుదిరింది.
దాన్ని ఎంతసేపు చూసుకున్నానో,
పొయ్యి మీద పాకం ముదిరిపోయింది.

మండీలో దొరస్వామి నా కన్నుతావే చూస్తా నిలబడినాడు.
"ఏమక్కా, పాట లేదా?"
చెయ్యెత్తినా. నోరిప్పి నా ధర నేనే చెప్పినా.
ఇరవై తక్కువకే.

ఇది మూడో నెల ఆఖరు.
తెల్లారి పళ్ళు తోముకుంటా ఉంటే
రెప్ప కింద ఒక చీమ.
మళ్ళీ లేదు.
మళ్ళీ.
సూది బలం తగ్గే కాలమని ఆ బిడ్డ ముందే చెప్పింది.
క్యాలెండర్లో వచ్చే మంగళవారం చుట్టి అంగడి తెరిచినా.
నల్లబెల్లం ఇంకా మూడు గోతాలుంది.