మడత

రేపు ఇంటర్వ్యూ అనగా
అమ్మ చిక్కపేట నుంచి తొమ్మిదింటికొచ్చి
కాళ్లు బకెట్ నీళ్లలో పెట్టుకోని అడిగింది:
"ఏమడుగుతారే వాళ్లు?"

అన్నీ వచ్చుమా, ఒక్కటే రాదు, అన్నాను.
"మా కాలేజీ కాక ఇంకెక్కడెక్కడ అప్లై చేసినావు?
అందరూ రమ్మంటే ఎక్కడికి పోతావు?"
మీదే ఫస్టు అంటే అబద్ధం.
మీది మూడోది అంటే మంగళం.

పోయినేడు ఎదురింటి జయసింహ
నాలుగు కాలేజీల్లో నాలుగుసార్లు
"చిన్నప్పటి నుంచీ ఇక్కడే చదవాలని కల" అన్నాడు.
నాలుగోచోట కాలేజీ పేరు తప్పు చెప్పినాడు.

అమ్మ నవ్వలేదు.
పద్దెనిమిదేళ్లుగా చీరలంగట్లో
తెల్లపరుపు మీద కూర్చున్న మనిషి.
ఎవరు కొంటారో ఎవరు కొనరో
గడప కాడ చెప్పులు విప్పే తీరులోనే చెప్తాది.

"'ఇట్లాంటిది ఇంకెక్కడా చూళ్లేదు' అనే ఆమె కొనదు.
'నాలుగంగళ్లు చూసొస్తాం' అనే ఆమె రాదు.
పక్కంగడిని తిట్టే ఆమె
రేపు పక్కంగట్లో మమ్మల్ని తిడతాది.
ఒకామె ఉంటాది చూడు,
'రెండంగళ్లు చూసినానక్కా, అక్కడ ధర నయం,
కానీ ఈ అంచు కాడ పోగు తెగకుండా తిప్పినారే,
అది అక్కడ లేదు' అని
వేలు పెట్టి చూపిస్తాది.
ఆమె కోసం పైఅరలోది కూడా దించుతా.
లేచి పోయినా, ఆ చీర వెంటనే మడవను."

వాళ్లెందుకు అడగాలమ్మా అట్లా?
"వాళ్లకీ భయమే.
పొద్దుట్నుంచీ పరిచినవన్నీ పరిచినట్టే ఉంటే
సాయంత్రం సేటు మొహం నువ్వు చూళ్లేదు."

తువ్వాలు అడిగింది. వేళ్ల సందులు తుడుచుకుంది.
"వాళ్లకాడ నీకు ఏ పోగు నచ్చిందో అది చెప్పు.
ఏదీ నచ్చకపోతే
బస్సు చార్జీ దండగ, పడుకో."

ఆ పోగు కోసం అర్ధరాత్రి దాకా వెతికినాను.
బ్రోచర్లో పచ్చిక ఉంది, గాజు గోడ ఉంది,
నవ్వే అమ్మాయిలు ముగ్గురున్నారు.
మిగతా రెండు బ్రోచర్లలోనూ
ఆ ముగ్గురే నవ్వుతున్నట్టుంది.

యలహంక దాటినాక ఆ కాలేజీ.
మెజెస్టిక్‌లో బస్సు మారి, సగం దూరం నిలబడి,
ఇస్త్రీ నలగకుండా దుపట్టా చేతిమీదేసుకోని
గంట ముందే చేరినాను.
వరండాలో మగ్గం.
ఒక ముసలాయన, మాస్టరో అటెండరో,
ఒక పిల్లోడు నేసిందంతా విప్పిస్తున్నాడు.
తిట్టడం లేదు. వరస వెనక వరస విప్పించి
"ఇదిగో, ఇక్కడ తొందరపడినావు" అన్నాడు కన్నడంలో.
పిల్లోడు ఏడవడం లేదు.
పోగుల లెక్క రాసుకుంటున్నాడు.

లోపల ముగ్గురు. ఏసీ. నీళ్ల గ్లాసు మీద మూత.
ఆ ప్రశ్న చివర్న వచ్చింది,
చెప్పులేసుకుంటూ ధర అడిగినట్టు.
"నీలవేణీ, నీ లిస్టులో మేం ఎన్నో నంబరు?"

మూడుచోట్ల అప్లై చేసినాను సార్.
ఒకచోట ఫీజు తక్కువ, మా ఇంట్లో అది చిన్న మాట కాదు.
పొద్దున దాకా మీది మూడోదే.
బయట మగ్గం కాడ ఒకాయన
తప్పు ఎక్కడ మొదలైందో చూపించేదానికి
నేసిందంతా విప్పించినాడు.
అట్లా విప్పేచోట చదవాలని ఉంది.
నంబరు ఇప్పుడు మళ్లీ లెక్కెయ్యాల.

ఒకావిడ కళ్లజోడు తీసింది.
ఒకాయన ఏదో రాసినాడు, పొడుగ్గా.
మూడో ఆయన గడియారం చూసినాడు.
ఫీజు అన్న మాట కాడ నా గొంతు వణికింది.
అది రాయకపోతే ఇదీ అబద్ధమే.

సాయంత్రం అంగడి కిక్కిరిసి ఉంది.
అమ్మ మోకాళ్ల మీద ఉల్లిపొట్టు రంగు పట్టు.
తలెత్తకుండానే అడిగింది:
"నువ్వు లేచినాక మడిచేసినారా?"

లేదుమా. తలుపు వేసేటప్పుడు చూసినా,
నా ఫైలు తెరిచే ఉంది.

"ఊఁ" అంది.
"పరిచి పెట్టినవన్నీ అమ్ముడుపోవులే" అని
చీర కొస నా చేతికిచ్చింది,
అటు పట్టుకొమ్మని.