బాకీ అంటే చిల్లర

మల్లేపల్లిల జిరాక్స్ దుకాణం మీది అంతస్తు.
పన్నెండు కుర్చీలు, పదిహేడు మంది.
ఫ్యాను తిరిగినప్పుడల్లా
గోడ మీది పటం ఒక మూల లేస్తది,
సముద్రం దిక్కు.

నాకిచ్చిన కాగితంల ఇంతే ఉన్నది:
జీవనం, సంస్కృతి, ఆర్థికం.
మూడు గంటలు. చాయ్ ఒక్కసారి.

రాసుకోండి. ఫుజైరా.
ఏడు ఎమిరేట్లల్ల ఇదొక్కటే
తూర్పు సముద్రానికి మొఖం పెట్టి కూసున్నది.
వెనుక గుట్టలు. గడ్డి పోచ ఉండదు.
మేక సుత ఆలోచించి ఎక్కుతది.
గుట్టను పగలగొట్టి అమ్ముతరు,
ఆ రాయి పోయి
ఇంకో ఊరి సముద్రంల దీవి అయితది.
నేను పగలగొట్టిన దీవి మీద
ఎవరి ఇల్లున్నదో నాకు తెల్వదు.

నీళ్లల్ల నూనె ఓడలు ఆగి ఉంటయి,
కోఠి బస్టాపుల మనం నిలబడ్డట్టు,
నంబరొచ్చేదాక.
రాత్రి ఆ దీపాలు చూసి
అవతల ఊరున్నదనుకున్న
మొదటి వారం.

"ఎంత మిగులుతది సార్?"
గంగమల్లు, మూడో కుర్చీ.
పాఠం ఇంకా జీవనం కాడనే ఉన్నది
కాని సరే, ఆర్థికం చెప్త.
జీతం పడ్డనాడు పైసలు పంపే కౌంటరు కాడ
లైను వీధి మలుపు దాకా ఉంటది.
చెమట వాసన మీద అత్తరు కొట్టుకొని వస్తరు.
రసీదు చేతికొచ్చిన ఆ అరగంట
అందరం షావుకార్లమే.
తర్వాత బస్సు వస్తది,
క్యాంపు వస్తది,
పప్పుల ఎవరు ఉప్పెక్కువేసిన్రని పంచాయితీ వస్తది.

"అరబ్బీ రాదు సార్" అన్నడు రాజలింగు.
సగం నీ నోట్లెనే ఉన్నది బిడ్డా.
తారీఖంటే తారీఖే.
విమానం దిగంగనే బోర్డు మీద 'వసూల్' అని ఉంటది,
జేబు పట్టుకోకు,
వచ్చినోళ్లు ఇటు రమ్మని దానర్థం.
దుకాణపాయన 'బాకీ' అంటె
గుండె ఝల్లుమనొద్దు.
చిల్లర అది. నీకు తిరిగొచ్చేది.

నలభై ఏండ్లు నాకు బాకీ అంటే
షావుకారి ఎర్రబుక్కు.
ఆడ ఆ మాట విని రెండడుగులు ఎనకకు జరిగిన.
ఆయన నా చెయ్యి పట్టుకొని
అరచేతిల మూడు నాణేలు పెట్టిండు,
నాణెం మీద కాఫీ కూజా.
నవ్వు ఆగలే.
ఎనక లైనుల ఉన్నోళ్లు తిట్టిన్రు.

హక్కు మాత్రం ఆడ కూడ హక్కే.
సముద్రం దాటినా మారని మాట.
మెల్లగ అను,
కాంట్రాక్టు కాగితం చేతుల పట్టుకొని అను.

ఇగ సంస్కృతి.
శుక్రవారం పొద్దు వంగినంక
సముద్రం ఒడ్డున ఎడ్లు కుమ్ముకుంటయి.
కత్తి ఉండదు. ఎనకకు తగ్గింది ఓడినట్టు.
వాటికి పాలు, వెన్న, తేనె పెడ్తరు.
ఒకదానికి మూపురం ఉండె,
వీసా కోసం నేనమ్మిన జతల
దాపటి దానికున్నట్టే, ఎడమకు ఒరిగి.
'రామన్నా' అని పిలిచిన.
చెవి కదిలింది.
గాలికే కావచ్చు.
ఇది రాసుకోకండి,
కాగితంల లేదు.

ఇంట్ల పనికి పోతున్న సాయవ్వ
అప్పటిదాక నోరు విప్పలే.
"చాలు అనెటందుకు ఏమంటరు సార్?"

కాఫీ పోసినప్పుడైతే
మాటతోని పని లేదవ్వా.
ఖాళీ కప్పు రెండు వేళ్లతోని పట్టుకొని
ఇటు అటు కొద్దిగ ఊపాలె.
ఊపకుంటే పోస్తనే ఉంటరు.
పని విషయంల...
దానికి ఇంకా గుర్తు ఎవరూ కనిపెట్టలే.

కింది నుంచి చాయ్ వచ్చింది.
తాగి, పదిహేడు మంది
పదిహేడు గ్లాసులు ఊపిన్రు, నవ్వుకుంట.
చాయ్ తెచ్చిన పిల్లగానికి ఏమర్థమైందో,
కెటిల్ వంచి
అందరికి మళ్లోసారి పోసిండు.

సాయవ్వ ఒక్కతే
గ్లాసు మీద అరచెయ్యి మూసింది.
గట్టిగ.
నేనది తప్పని చెప్పలే.