నూరు అక్షరాలకి

జూన్ వచ్చిందంటే జీలాంగ్‌లో చలి.
కిటికీ అవతల కోరియో అఖాతం మీద సన్నటి వాన,
ఎవరో పైనుంచి పిండి జల్లిస్తున్నట్టు.
ఇవతల నేను, చెవులకి హెడ్‌ఫోన్స్,
ఎడమ బొటనవేలు కింద చిన్న క్లిక్కరు.

నా పని చెబితే నవ్వుతారు.
మాటల్లో రాళ్ళేరడం.
నూరు అక్షరాలు చాటలో పోసుకుని
ఎన్ని తట్టుకున్నాయో, ఎన్ని సాగాయో,
ఎన్ని అసలు గడపే దాటలేదో
మూడు గళ్ళలో వేయడం.

ఈవేళ టేపు: బార్నబీ క్రెగన్, అరవై ఒకటి.
ఓడరేవు సైలోల్లో గోధుమలు తూచాడు ముప్ఫై మూడేళ్ళు.
"ఆ పనే ఎందుకు ఎంచుకున్నారు?" అడుగుతున్న గొంతు నాదే.
"అక్కడ మ-మ-మోత.
ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు."
క్లిక్. ఒకటి.

కాఫీ కొట్లో పేరడిగితే "ఆల్" అంటాడట.
ఎవరీ ఆల్?
ఎవరూ కాదు, పెదవులు కలవక్కర్లేని పేరు.
చర్చిలో పెళ్ళినాడు మాత్రం తప్పించుకోలేకపోయాడు.
తన పేరు తను చెప్పుకోవడానికి పట్టినంత సేపూ
వెనక బెంచీల్లో ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు.
ఆమె అతని చెయ్యి వదల్లేదు,
మాట అందించనూ లేదు.
"అప్పుడనుకున్నాను, సరైన మనిషినే చేసుకుంటున్నానని."
ఈ వాక్యం మొత్తంలో
ఒక్క క్లిక్కూ లేదు.

పద్నాలుగో నిమిషంలో నాలుగు సెకన్లకి పైన ఖాళీ.
సాఫ్ట్‌వేర్ అక్కడ "శబ్దం లేదు" అని రాసేసింది.
వాల్యూమ్ పెంచి మళ్ళీ విన్నాను.
కుర్చీ కిర్రుమంది.
పెదవులు ఒకదాన్నొకటి అదుముకున్న తడి చప్పుడు.
మూసిన తలుపు వెనక, భుజం ఆనించి తోస్తున్న ఊపిరి.
లేదని ఎలా రాయను?
అక్షరమంటే నశించనిదని బడిలో చెప్పారు,
ఇలాంటి చోట నిలబడుతుందని చెప్పలేదు.

నాకూ మా మేనత్త వస అరగదీసి నాకించింది,
వస పోసిన పిట్టలా వాగుతానని.
ఆ ఘాటు ఇంకా నాలుక మీదే ఉంది.
ఇంగ్లీషులో నాకు నత్తి లేదు,
సెమినార్లో నలభై నిమిషాలు ధారగా మాట్లాడతాను.
పార్వతీపురం ఫోన్ చేసి, బాబాయి "ఎవరూ?" అంటే చాలు,
క-క దగ్గర గొంతు పెగలదు.
కాదంబిని అని పేరు పెట్టినవాళ్ళు
నన్నడిగి పెట్టలేదు కదా.
"కాదంబినివా?" అంటాడు ఆయన,
కింద పడిన రుమాలు తీసిచ్చినట్టు
నా పేరు నాకే తీసిచ్చి.
మంచివాడు. అదే నా బాధ.

ఎనిమిది వారాలు. ఊపిరి, నెమ్మది, సాధన,
కొన్నాళ్ళు ముందుకి, కొన్నాళ్ళు వెనక్కి.
గ్రాఫు గీస్తే మా ఊరి ఘాట్ రోడ్డులా వచ్చింది.
ఆఖరి రోజు గది వదిలి మూరబూల్ వీధిలోకి నడిచాం.
కౌంటర్ వెనక పిల్ల, కప్పు మీద పెన్ను,
"పేరు?"

"బ్"
పెన్ను గాల్లో ఆగింది.
పాలు నురగ కక్కే మిషను గుర్రుమంది.
వరసలో నా వెనక ఎవరి బూట్లో కదిలాయి.
జేబులో నా బొటనవేలు క్లిక్కర్ని వెతుక్కుంది,
బల్ల మీదే మర్చిపోయొచ్చాను.
అందివ్వబోయి నాలుక కరుచుకున్నాను.
ఇన్నేళ్ళ చదువూ ఆ కాస్త నెత్తుటి రుచికి సరిపోయింది.

"బ్... బార్నబీ."
ఆ పిల్ల ఒక అక్షరం తప్పు రాసింది.
ఆయన దిద్దలేదు.
కాఫీ తాగేసి, కప్పు కడిగించి,
కోటు లోపలి జేబులో పెట్టుకెళ్ళాడు.

ఆ రాత్రి ఫోన్ చేశాను.
"ఎవరూ?"
"ఆగు బాబాయ్."
ఆ మాట తేలిగ్గానే వచ్చింది.
ఆగాడు.
ఆగస్టు కదా, అటు రేకుల మీద వాన,
ఇటు కిటికీ మీద వాన.
క,