గూడ్సు బండి వెళ్లేంతసేపు

కొరుక్కుపేట గేటు పడిందంటే
నా పాఠం ఆగిపోయినట్టే.
యాభై ఎనిమిది పెట్టెలు, పిల్లలే లెక్కపెట్టి చెప్పారు.
అన్నిటి చప్పుడూ మా కిటికీలోంచే పోవాలి.

మొదటి ఏడాది ఆ చప్పుడు మీద అరిచేదాన్ని.
గొంతు పోయింది, ఒత్తులు మాత్రం ఎవరికీ రాలేదు.
ఇంట్లో వాళ్లది తెలుగే,
తమిళం కలిసి, చద్దిలో మజ్జిగలా పల్చగా.
నా పుస్తకంలోది ఎవరో చుట్టాలది.

చీటీలు రాసిచ్చాను. బొమ్మలేశాను.
కెజియా వాళ్లమ్మ ఫోనుకి రాత్రి పద్యం చదివి పంపితే
తెల్లారి రోడ్డు ఊడ్చడానికి వెళుతూ
ఆవిడ రెండుసార్లు విందట.
పిల్ల ఒక్కసారీ వినలేదు.

దేవసహాయం సంగతి వేరు.
జూన్ నుంచీ నోరు విప్పలేదు.
పేరు పిలిస్తే బల్ల అంచు గోకుతాడు.
ఓసారి మొద్దు అన్నాను.
అది మాత్రం విన్నాడు.

మొన్న గూడ్సు వచ్చినప్పుడు అరవలేదు నేను.
అరిచే ఓపిక లేదు, అంతే.
ఊరికే నిలబడి గాల్లో వేలితో క రాశాను.
చెయ్యి దించేలోపు
చివరి బెంచీలో ఓ వేలు లేచింది.
నా క కింద, ఉండాల్సిన చోటే,
ఒత్తు పెట్టింది.
నాకు అద్దంలోలా తిరగబడి కనిపించింది గానీ
తప్పు లేదు.

మా పేటలోని క్క అది.

బండి పోయాక అడిగాను, ఏం రాశావురా అని.
మళ్లీ బల్ల గోకాడు.

ఇప్పుడు గేటు పడితే
నేను కిటికీ మూయడం లేదు.