ఇరుకు నోరు

దేవరకొండ ఖిల్లా వెనుక
అబ్బా కార్ఖానాల నా కొలువు
చిల్లులు లెక్కబెట్టుడు.

గోనెపట్టకు ఉర్దూ పేపరు అతికి
బొగ్గుతోని గిరి గీస్తడు,
రెండు మూరలకు జానెడు తక్కువ.
ముప్పై అంగల కాడ నిలవడి పేలుస్తడు.
పొగ పోకముందే నేనురుకుత.
చిల్లుకో చింతగింజ.
గిరి లోపలియి ఒక కుప్ప,
బయటికి పోయినయి వేరే.

కుడి గొట్టం నోరు జర ఎడల్పుండాలె,
ఎడమది ఇరుకు.
"మొదటి పిట్ట దగ్గర్నే లేస్తది బేటీ,
రెండో దెబ్బ యాదికొచ్చేసరికి
అది దూరం పోతది."

పూరేడైతే జొన్న కొయ్యకాళ్లల్ల
నీ చెప్పు కిందికెల్లే బుర్రుమంటది.
కౌజు అట్ల కాదు.
పరికి కంపలల్ల ఉరికి ఉరికి
నిన్ను అలయగొట్టి
గుట్ట వారకు పోయినంక లేస్తది.

చందంపేట దిక్కు నుంచి
పసునూరి రంగారావు పంతులు
రెండూ ఇరుకు నోర్ల తుపాకి తెచ్చిండు.
కుడిది తెరుస్తనంటే వద్దన్నడు.
నలభై గజాల పిట్టను కొట్టెటోన్ని నేనన్నడు.

అబ్బా ఎదురు చెప్పలే.
చెల్కలకు తోల్కపోయిండు.
పిట్ట లేసింది, పంతులు కొట్టిండు.
"నలభై" అన్నడు పంతులు.
అబ్బా నన్ను అంగలెయ్యమన్నడు.
పద్దెనిమిది.
అవీ నా అంగలు, పదేండ్ల పిల్లవి.
దొరికింది ఒక కాలు,
పిడికెడు ఈకలు.

చానా సేపటికి పంతులు
"తెరువు" అన్నడు.

ఎనిమిది దినాలు పట్టింది.
కట్టెకు గరుకు గుడ్డ చుట్టి, నూనె పోసి,
నాలుగు తిప్పులు తిప్పి, తుడిచి,
గొట్టంల నుంచి మొగులు చూసుకుంట
మళ్ల నాలుగు తిప్పులు.
గీకింది గీకిందే.
ఇరుకును ఎడల్పు చేస్తం గని
ఎడల్పును ఇరుకు చేసెటోడు
మా గల్లీల ఇంకా పుట్టలే.

అబ్బా మాట గూడ అంతే.
"మీ అబ్బాకు రెండూ ఎడమ గొట్టాలే"
అని అమ్మీ నవ్వేది.

తర్వాత పిట్టల మీద కానూన్ వచ్చింది.
ఓట్లొచ్చినప్పుడల్ల తుపాకులు
మెడకు చీటీ కట్టుకోని ఠాణాకు పోయినయి.
పంతులుది ఒకసారి పోయి
మళ్ల రాలే. అడిగెటోడూ లేడు.

ఇప్పుడు అదే బల్ల మీద
పత్తి మందు పంపులు బాగుచేస్త.
నాజిల్ ఏది పెట్టాలె?
పురుగు ఆకు మీదున్నదా, కిందున్నదా?
చెట్టుకెంత దూరం నిలవడతవు?
"ఏదో ఒకటి బిగియ్యక్కా" అంటరు,
బండి దిగకుండనే.

నిన్న ఒక పంపును
పాత పేపరు మీదికి కొట్టి చూసిన.
సన్న సన్న తడి చుక్కలు.
నా చెయ్యి దానంతటదే
గూట్లె చింతగింజలకు తడుముకున్నది.

అప్పుడే ఖిల్లా దిక్కు ఏడనో
కౌజు కూసింది.
నలభై అన్నది నా చెవి.

అబ్బా అయితే
అండ్ల సగం తీసేస్తడు.