మైకు ఆపేశాక

పెదజాలరిపేటలో సభ. మైక్‌సెట్టు నాది.
"నేను మీ ఇంటి బిడ్డని" అన్నారాయన.
ఆ కేకకి నా బాక్సులు కీచుమన్నాయి.

స్విచ్చి కట్టేశాను.
ఆయన మెట్లు దిగుతుంటే
వాసుపల్లి కాసులమ్మ టీ గ్లాసు చాచింది,
గోళ్ల సందుల్లో ఇంకా చేప పొలుసులు.
నవ్వుతూ అందుకున్నారు. ఫొటో పడింది.
కెమెరాలు కారు వైపు తిరిగాక
కండువా కొసతో గ్లాసు అంచు
తుడిచారు,
ఒక్కసారే, చాలా మెత్తగా.

ఎవరూ చూళ్లేదనుకున్నా.
కాసులమ్మ తన చేతులకేసి చూసుకుని
కొంగుకి రుద్దుకుంటోంది.

రాత్రి సముద్రపు గాలిలో వైర్లు చుడుతుంటే
స్టేజీ కింద ఆ గ్లాసు, నిండుగా.
చల్లారిన టీ తాగేశాను.
పంచదార రెండు చెంచాలు ఎక్కువే వేసింది,
పెద్దాయన కదా అని.